జానెడు దూరం

స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలు, వెనక ఒక వెడల్పాటి రబ్బరు ట్రాక్ ఉంటాయి. గుల్మార్గ్‌లో మన పర్యాటకులు స్నో స్కూటర్ పేరుతో ఎక్కేది ఈ బండినే. ట్రాక్ బండిని నెడుతుంది, స్కీలు దారి మళ్ళిస్తాయి. రెండింటికీ వేరువేరు సస్పెన్షన్లు. చదును చేసిన మంచు బాటల మీద తిరిగే నేటి బళ్ళలో స్కీ పైకీ కిందికీ కదలగలిగే మొత్తం దూరం సుమారు 23 నుంచి 25 సెంటీమీటర్లు, అంటే జానెడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ముందు భాగానికి, ఎదురయ్యే ప్రతి గతుకుతోనూ లెక్క తేల్చుకోవడానికి ఉన్న ఆస్తి అంతే. ముందు భాగం గట్టిగా కొడుతోందని తోచగానే చాలామంది చేసే మొదటి పని స్ప్రింగు బిగువు తగ్గించడం. గట్టిగా ఉన్నదాన్ని వదులు చేయాలనుకోవడం సహజమే. అయితే ఆ పని చేశాక బండి ఇంకా గట్టిగా కొట్టడం కూడా తరచూ జరిగేదే. సుఖప్రయాణం స్ప్రింగు మెత్తదనంలో లేదని ఈ అధ్యాయంలో నా వాదన. ఆ జానెడు దూరంలో పైకెంత, కిందికెంత అని పంచుకోవడంలోనూ, ఒక గతుకు కింద ఖర్చయినదాన్ని మరో గతుకు వచ్చేలోగా తిరిగి రాబట్టుకోవడంలోనూ అది ఉంది.

మొదటి తరం బళ్ళకు ఈ చిక్కు ఇంతగా లేదు. కెనడాలోని క్విబెక్ రాష్ట్రం, వాల్కూర్ అనే ఊళ్ళో జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియే 1959లో స్కీ-డూ అనే స్నోమొబైల్‌ను మార్కెట్లోకి తెచ్చినప్పుడు దాని స్కీల మీద ఉన్నవి మన లారీలకు ఉండే కమాను పట్టీల రకం స్ప్రింగులే. అమెరికాలో మిన్నెసోటా ఉత్తరపు అంచున ఉన్న రోజోలో పొలారిస్ కంపెనీని నడిపిన ఎడ్గర్ హెటీన్, 1960లో అలాస్కాలోని బెతెల్ నుంచి ఫెయిర్‌బ్యాంక్స్ దాకా ఇలాంటి బళ్ళ మీదే ప్రయాణించి, ఈ వాహనం దూరప్రయాణానికి పనికొస్తుందని లోకానికి చూపించాడు. వాళ్ళు తిరిగింది ఎక్కువగా ఎవరూ తొక్కని మంచు మీద, తక్కువ వేగంతో. మెత్తని మంచు తానే సగం సస్పెన్షన్. బళ్ళ సంఖ్య పెరిగి, బాటలు పడి, ఆ బాటల మీద మంచు గట్టిపడ్డాక కమాను పట్టీల పరిమితి బయటపడింది. 1970ల చివర్లో పందెపు బళ్ళ మీద, 1980 ప్రాంతంలో మామూలు కొనుగోలుదారులు కొనే బళ్ళ మీద, ఒక్కో స్కీకి విడి విడిగా కాయిల్ స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ ఉండే ఏర్పాటు వచ్చింది. ఒక స్కీ మిట్ట ఎక్కినా రెండోది తన దారిన తాను పోగలగడం పెద్ద ముందడుగే. దాంతోపాటే బిగించడానికీ వదలడానికీ కొత్త మరలు వచ్చాయి, వాటిని తప్పుగా తిప్పే అవకాశమూ వచ్చింది.

గతుకులు అసలు ఎందుకు పడతాయో తెలిస్తే సర్దుబాటుకు ఎంత విలువ ఇవ్వాలో తెలుస్తుంది. మట్టిరోడ్ల మీద వరస వరసగా అడ్డంగా లేచే మిట్టల గురించి కీత్ మేథర్ 1963లో ప్రయోగాలు చేసి రాశాడు. 2007లో నికొలా తాబెర్లె, స్టీఫెన్ మోరిస్, జిమ్ మెకెల్వెయిన్ అనే భౌతికశాస్త్రజ్ఞులు గుండ్రంగా తిరిగే ఇసుక దారి మీద చక్రాన్ని నడిపించి చూశారు. ఒక కనీస వేగం దాటితే చాలు, చదునైన ఇసుక మీద అలలు లేచాయి. స్ప్రింగు తీసేసినా, చక్రం బదులు నేలను గీరుతూ పోయే పలకను పెట్టినా అలలు ఆగలేదు. అంటే తప్పు ఫలానా బండిదో, ఫలానా సస్పెన్షన్‌దో కాదు; వదులు పదార్థం మీద బరువు వేగంగా పరిగెడితే ఆ నేల అలలు కట్టి తీరుతుంది. మంచు బాట కూడా రేణువుల నేలే కాబట్టి ఈ సూత్రం దానికీ చాలావరకు వర్తిస్తుందని నా అభిప్రాయం. మిన్నెసోటాలో సుమారు 22 వేల మైళ్ళ స్నోమొబైల్ బాటలున్నాయి. వాటిని పెద్ద యంత్రాలతో గీకి చదును చేస్తారు. ఆ పని తరచూ రాత్రిళ్ళు చేయడానికి కారణముంది. కదిలించిన మంచు రేణువులు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడటానికి చలీ కొన్ని గంటల విశ్రాంతీ కావాలి. అంత శ్రద్ధ తీసుకున్నా, రద్దీగా ఉండే శనివారం మధ్యాహ్నానికల్లా మిట్టలు మళ్ళీ లేస్తాయి. బాట బాగుచేయడం ఒక్కటే చాలదు కాబట్టి మిగిలిన పని బండి చేయాలి.

మెత్తని స్ప్రింగు మంచిదన్న నమ్మకంలో శాస్త్రం ఉంది, దాన్ని కొట్టిపారేయడం న్యాయం కాదు. స్ప్రింగు మీద నిలిచిన ఏ బరువుకైనా తనదైన ఊగే లయ ఒకటి ఉంటుంది. స్ప్రింగు గట్టిదయితే లయ చురుకు, మెత్తదయితే మందం. నేల నుంచి వచ్చే కుదుపుల లయ ఈ సహజ లయకు దగ్గరగా ఉంటే బండి ఊపు పెరిగిపోతుంది. సహజ లయకు 1.4 రెట్లు దాటితేనే స్ప్రింగు కుదుపును అడ్డుకోవడం మొదలుపెడుతుంది. ఆపైన ఎంత దూరం జరిగితే అంత నెమ్మది. ఇక మనిషి శరీరం సంగతి. కూర్చున్న మనిషికి కింది నుంచి పైకి వచ్చే కంపనాల్లో సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చేవి అన్నిటికన్నా ఎక్కువ బాధ పెడతాయి. ఐఎస్‌ఓ 2631 ప్రమాణంలో ఆ పరిధికి ఎక్కువ తూకం ఇచ్చింది అందుకే. ఒకటిన్నర మీటరుకొక మిట్ట ఉన్న బాట మీద గంటకు 40 కిలోమీటర్లతో పోతే సెకనుకు ఏడుకు పైగా కుదుపులు తగులుతాయి, సరిగ్గా ఆ పరిధిలోనే. కాబట్టి బండి సహజ లయను వీలైనంత కిందికి దించాలని, అందుకు స్ప్రింగు మెత్తనవ్వాలని లెక్క చెబుతుంది. అక్కడితో ఆగితే లెక్క తప్పు కాదు, సగమే అవుతుంది.

మిగతా సగం ఆ జానెడు దూరం. ఒక్కో స్కీ మీద 40 కిలోల బరువు పడుతోందనీ, స్కీ దగ్గర స్ప్రింగు బలం మిల్లీమీటరుకు 9 న్యూటన్లనీ అనుకుందాం. నిలిచి ఉన్న బండి ముందు భాగం 44 మిల్లీమీటర్లు కుంగుతుంది. సహజ లయ సెకనుకు 2.4. మొత్తం కదలిక 24 సెంటీమీటర్లయితే, మిట్ట వచ్చినప్పుడు పైకి పోవడానికి 20 సెంటీమీటర్ల దాకా మిగిలింది. ఇప్పుడు సహజ లయను ఒకటికి దించాలని చూస్తే స్ప్రింగు బలం 1.6 న్యూటన్లకు పడిపోవాలి, కుంగు 25 సెంటీమీటర్లవుతుంది. కదలడానికి ఉన్న దూరమంతా బండి నిలబడటానికే సరిపోయింది. స్ప్రింగును ముందే బాగా నొక్కి బిగించి కుంగును మళ్ళీ 44 మిల్లీమీటర్లకు తేవచ్చు కదా అంటారేమో. తేవచ్చు. కానీ ఆ మెత్తని స్ప్రింగు మిగిలిన 20 సెంటీమీటర్లలో దాచుకోగల శక్తి చాలా తక్కువ. షాక్ అబ్జార్బర్ సాయం పక్కన పెడితే, గట్టి స్ప్రింగు 46 సెంటీమీటర్ల ఎత్తు నుంచి పడ్డ వేగాన్ని ఆపగలిగితే, మెత్తని స్ప్రింగు 8 సెంటీమీటర్ల పతనానికే అడుగంటుతుంది. అడుగంటడమంటే లోపలి రబ్బరు దిమ్మకు లోహం తగలడం. ఆ క్షణంలో స్ప్రింగు లేనట్టే, కుదుపు నేరుగా హ్యాండిల్‌కూ వెన్నుకూ చేరుతుంది. నడిపేవాడికి అది ‘గట్టి స్ప్రింగు’ అనిపిస్తుంది. మెత్తదనం ఎక్కువై కొట్టిన దెబ్బను గట్టిదనం ఖాతాలో రాసి ఇంకా వదులు చేస్తే రోగం ముదురుతుంది.

ఇక్కడే ఇంకో పొరపాటు తొంగిచూస్తుంది. షాక్ అబ్జార్బర్ చుట్టూ ఉన్న మరల కాలర్‌ను తిప్పి స్ప్రింగును ముందుగానే కొంత నొక్కి ఉంచడాన్ని ప్రీలోడ్ అంటారు. ఈ కాలర్ తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందనో మెత్తబడుతుందనో చాలామంది నమ్ముతారు. తీగ మందం, చుట్ల వ్యాసం, పనిచేసే చుట్ల సంఖ్య మారనంతవరకు మామూలు కాయిల్ స్ప్రింగు బలం మారదు. మారేది బండి నిలిచే ఎత్తు. స్కీ 10 మిల్లీమీటర్లు కదిలితే షాక్ 6 మిల్లీమీటర్లే కదిలే అమరిక ఉందనుకుందాం. అప్పుడు మిల్లీమీటరుకు 25 న్యూటన్ల స్ప్రింగు స్కీ దగ్గరికి వచ్చేసరికి 9 న్యూటన్లదిగా పనిచేస్తుంది, ఎందుకంటే ఆ 0.6 నిష్పత్తి ఒకసారి బలానికీ మరోసారి దూరానికీ వర్తించి 0.36 అవుతుంది. మనం పైన తీసుకున్న 9 అదే. కాలర్‌ను 10 మిల్లీమీటర్లు బిగిస్తే బండి ముందు భాగం దాదాపు 17 మిల్లీమీటర్లు లేస్తుంది, కుంగు 44 నుంచి 27కు తగ్గుతుంది, స్ప్రింగు మాత్రం ఆ 9 న్యూటన్లదే. కాబట్టి కాలర్ పని మెత్తదనాన్ని పంచడం కాదు, జానెడు దూరాన్ని మిట్టలకెంత, గుంటలకెంత అని పంచడం.

గుంటల వాటా ఎందుకని అడగవచ్చు. కుదుపు అనగానే మిట్టే గుర్తొస్తుంది గానీ రెండు మిట్టల మధ్య ఒక గుంట ఎప్పుడూ ఉంటుంది. స్కీ కిందికి సాగి ఆ గుంట అడుగును అందుకోగలిగితే బండి ఉన్న ఎత్తునే ఉంటుంది. సాగడానికి దూరం లేకపోతే బండే గుంటలోకి దిగి, ఎదుటి మిట్టను ఇంకా లోతు నుంచి గుద్దుకుంటుంది. ప్రీలోడ్ అతిగా బిగించిన బండి చిన్న గతుకుల మీద కూడా టకటకలాడటానికి కారణం ఇదే. స్ప్రింగు వదులు చేస్తే హాయిగా ఉందని కొందరు చెప్పే మాటలో నిజమున్నది ఈ సందర్భంలోనే, అంటే అంతకుముందు కుంగు బొత్తిగా లేనప్పుడు. కాబట్టి నేను ప్రీలోడ్ వదలడానికి వ్యతిరేకిని కాను; ఎంత వదలాలన్నది అనుభూతికి కాక కొలతకు అప్పగించాలంటున్నాను. మొత్తం కదలికలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కుంగుకు ఇవ్వడం మంచి ఆరంభం. జానెడులో అది మూడు వేళ్ళ మందానికి అటూ ఇటూ. బండి తయారీదారు పుస్తకంలో వేరే అంకె ఉంటే దాన్నే పాటించాలి.

ఇంతవరకు ముందు భాగాన్ని ఒంటరిగా చూశాం. నిజానికి స్నోమొబైల్ ముందు భాగం ఒంటరిది కాదు, కారుకూ దానికీ ఉన్న అసలు తేడా ఇదే. కారుకు ముందొక ఇరుసు, వెనకొక ఇరుసు. ముందు చక్రాల మీద ఎంత బరువు పడాలో కారు గురుత్వకేంద్రం తేలుస్తుంది, స్ప్రింగులు గట్టిగా మార్చినా ఆ వాటా పెద్దగా మారదు. స్నోమొబైల్‌ను పక్క నుంచి చూస్తే ఆధారాలు మూడు: ముందు స్కీలు, ట్రాక్ లోపల ముందు చేయి, వెనక చేయి. ఆ రెండు చేతులకూ చెరో షాక్ ఉంటుంది. ముగ్గురు మనుషులు ఒక పొడవాటి దూలాన్ని భుజాల మీద మోస్తున్నప్పుడు మధ్యవాడు కాస్త మడమలెత్తితే ముందువాడి భుజం తేలికవుతుంది, మధ్యవాడు వంగితే బరువు ముందువాడి మీద పడుతుంది. దూలం బరువు మాత్రం మారలేదు. స్నోమొబైల్‌లో ఆ మధ్యవాడు ట్రాక్ లోపలి ముందు షాక్. దాని ప్రీలోడ్ పెంచితే స్కీల మీద ఒత్తిడి తగ్గుతుంది, తగ్గిస్తే పెరుగుతుంది. ట్రాక్ ముందు భాగం ఎంతవరకు కిందికి వేలాడవచ్చో ఆపే నైలాన్ పట్టీ ఒకటుంటుంది. దాన్ని కురచ చేస్తే బరువు స్కీల మీదికి వస్తుంది, పొడుగు చేస్తే స్కీలు తేలికవుతాయి.

ఈ మూడు ఆధారాల సంగతి తెలియక జరిగే వృథా శ్రమ ఎంతో. హ్యాండిల్ బరువుగా ఉండి, మలుపుల్లో భుజాలు లాగుతూ, ముందు భాగం ప్రతి మిట్టకూ కొడుతుంటే సాధారణంగా ముందు స్ప్రింగు మీదే అనుమానం. కానీ మధ్య షాక్ నీరసించి కుంగిపోయినా, పట్టీ మరీ కురచగా ఉన్నా స్కీలు మోయాల్సినదానికంటే ఎక్కువ మోస్తాయి. అప్పుడు ముందు స్ప్రింగు వదిలితే స్కీలు ఇంకా కుంగుతాయి, అడుగంటడానికి ఇంకా దగ్గరవుతాయి. పట్టీ ఒక్క రంధ్రం వదిలితే తీరే బాధ అది. దీనికి తిరగబడ్డ రకమూ ఉంది: స్కీల మీద బరువు మరీ తగ్గితే బండి హాయిగానే ఉన్నట్టుంటుంది గాని, మలుపు దగ్గర హ్యాండిల్ తిప్పినా తిన్నగా దూసుకుపోతుంది. చెట్ల మధ్య సాగే బాట మీద అది అసౌకర్యం కాదు, ప్రమాదం. స్కీలకు దారి మళ్ళించే పని కూడా ఉంది కాబట్టి సుఖం కోసం వాటిని మరీ తేలిక చేసే హక్కు మనకు లేదు.

కార్ల శాస్త్రం తెలిసినవారు ఇక్కడ గట్టి అభ్యంతరమే చెప్పగలరు. మోరిస్ ఆలీ అనే ఇంజనీరు 1930లలో జనరల్ మోటార్స్‌లో పనిచేస్తూ, కారు రెండు చివర్లా బరువులు మార్చి మార్చి వేసి నడిపించి, వెనకటి కంటే ముందు స్ప్రింగులు మెత్తగా ఉంటేనే కారు తల ఎగరేయకుండా సమంగా సాగుతుందని తేల్చాడు. ముందు చక్రాలు గతుకును ముందు తాకుతాయి, వెనకవి కొంచెం ఆలస్యంగా. వెనక లయ కాస్త చురుకుగా ఉంటే రెండు ఊపులూ త్వరలోనే కలిసిపోతాయి. ఇది నేటికీ చెల్లే మాటే. మరి స్నోమొబైల్‌కు ముందు మెత్తదనం వద్దనడం ఎలా? నేను వద్దనడం లేదు. ఆలీ మాట స్ప్రింగు బలం గురించి, ప్రీలోడ్ కాలర్ గురించి కాదు. నిజంగానే మెత్తని స్ప్రింగు కావాలంటే స్ప్రింగునే మార్చాలి, అది అడుగంటకుండా షాక్ అమరికనూ దానికి తగ్గట్టు మార్చాలి. పైగా కారు ముందు ఇరుసు భారాన్ని గురుత్వకేంద్రం కాపాడుతుంది. మూడు ఆధారాల బండిలో ముందు స్ప్రింగు మారితే స్కీ ఒత్తిడీ మారుతుంది, దాంతో మలుపు తిరిగే గుణమూ మారుతుంది. ఆలీ సూత్రాన్ని ఇక్కడికి తెచ్చుకునేటప్పుడు ఈ షరతును కూడా తెచ్చుకోవాలి.

స్ప్రింగు శక్తిని దాచుకుంటుంది, షాక్ అబ్జార్బర్ ఆ శక్తిని వేడిగా మార్చి వదిలిస్తుంది. లోపల నూనె సన్నని దారుల గుండా పోవాలి కాబట్టి కదలిక ఎంత వేగమైతే అడ్డు అంత ఎక్కువ. పది సెంటీమీటర్ల ఎత్తు, అరవై సెంటీమీటర్ల వాలు ఉన్న మిట్టను గంటకు 50 కిలోమీటర్లతో ఎక్కితే స్కీ సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టకుండా పైకి లేవాలి, అంటే సెకనుకు రెండు మీటర్లకు పైగా వేగం. నొక్కుడు వైపు నూనె దారి మరీ బిగుతుగా ఉంటే ఆ క్షణంలో షాక్ ఒక కడ్డీలా ప్రవర్తిస్తుంది. స్ప్రింగు ఎంత మెత్తదైనా లాభం లేదు. సాగుడు వైపు బిగుతు ఎక్కువైతే వచ్చే చిక్కు ఇంతకన్నా మోసకరం. నాలుగు మీటర్లకొక మిట్ట ఉన్న బాట మీద గంటకు 60 కిలోమీటర్లతో పోతే మిట్టకూ మిట్టకూ మధ్య సెకనులో నాలుగో వంతు కూడా ఉండదు. ఆలోగా స్కీ పూర్తిగా కిందికి సాగకపోతే రెండో మిట్టను కొంచెం కుంగిన స్థితిలోనే తాకుతుంది, మూడోదాన్ని ఇంకొంచెం కుంగి. ఒక్కో మిట్ట దగ్గర రెండు సెంటీమీటర్ల బాకీ మిగిలినా పదో మిట్టకు జానెడు దూరమంతా కరిగిపోతుంది. మొదటి రెండు మూడు మిట్టలు హాయిగా దాటి ఆ తర్వాత వరసగా కొట్టే బండికి రోగం ఇదే. మందు సాగుడు వైపు బిగుతు కొద్దిగా వదలడం. స్ప్రింగు మెత్తబరచడం ఇక్కడ కూడా తప్పు వైద్యమే, ఎందుకంటే మెత్తని స్ప్రింగు స్కీని ఇంకా నెమ్మదిగా కిందికి నెడుతుంది.

మంచు దేశాల్లో దీనికి చలి తోడవుతుంది. షాక్‌లోని నూనె సున్నాకు ముప్ఫై డిగ్రీలు కింద చిక్కబడుతుంది, అందుకే పొద్దున మొదటి కొన్ని కిలోమీటర్లు బండి మొండిగా ఉండి, షాకులు వేడెక్కాక మనసు మార్చుకున్నట్టు మెత్తబడుతుంది. ఆ మొదటి కిలోమీటర్లలో ఏ మరనూ తిప్పకూడదు. కాయిల్ స్ప్రింగు బదులు గాలి నింపిన షాకులున్న బళ్ళలో చలి ప్రభావం మరీ స్పష్టం. వెచ్చని షెడ్డులో 20 డిగ్రీల దగ్గర గేజి మీద 70 పి.ఎస్.ఐ. గాలి నింపి, బయట మైనస్ 25 డిగ్రీల చలిలోకి తెస్తే వాయు సూత్రం ప్రకారం అది సుమారు 57కు పడిపోతుంది. కాలర్ తిప్పకుండానే, పంపు ముట్టుకోకుండానే ఐదో వంతు పోయింది. ఉక్కు స్ప్రింగుకు ఈ బెడద లేదు. గాలి షాకుల ఒత్తిడిని బయట, బండి పూర్తిగా చల్లబడ్డాక, బరువు పడకుండా ముందు భాగం పైకెత్తి కొలవాలనేది అందుకే.

రెండు స్కీలనూ కలిపే అడ్డ కడ్డీ గురించి ఒక మాట చాలు. మలుపులో బండి ఒరగకుండా అది ఆపుతుంది, దానికి ప్రతిఫలంగా ఒక స్కీ తిన్న దెబ్బలో కొంత రెండోదానికి పంచుతుంది. లోతైన మంచులో, కొండవాలు మీద నడిపేవాళ్ళు దాన్ని ఊడదీసేది ఆ పంపకం వద్దనుకునే. చదును చేసిన బాట మీద వేగంగా తిరిగే బండికి అది ఉండాల్సిందే.

కొలత ఎలాగన్నది పెద్ద రహస్యం కాదు. షాక్ కడ్డీకి ఒక సన్నని రబ్బరు రింగు తొడిగి, షాక్ ఒంటికి ఆనించి, రోజూ తిరిగే బాట మీద రోజూ పోయే వేగంతో కొన్ని కిలోమీటర్లు నడిపితే, ఆ రింగు ఎంతవరకు జరిగిందో అంతవరకు కదలిక వాడుకున్నట్టు. రింగు సగం దూరంలోనే ఆగి బండి కొడుతుంటే బిగువు ఎక్కువ, షాక్ కదలడం లేదు. కడ్డీ చివరిదాకా పోయి బండి కొడుతుంటే అడుగంటుతోంది, బలం చాలదు. ఒకే రకం దెబ్బకు రెండు వ్యతిరేక కారణాలు ఉండవచ్చని, ఒళ్ళు చెప్పలేని ఆ తేడాను రబ్బరు రింగు చెబుతుందని గుర్తించడమే ఈ విద్యలో సగం. ఇక క్రమం. మొదట వెనక భాగాన్ని నడిపేవాడి బరువుకు సరిచేయాలి, తర్వాత మధ్య షాకూ పట్టీ, ఆ తర్వాతే ముందు ప్రీలోడ్, చివర్న నూనె దారుల సర్దుబాటు. ముందు కాలర్ తిప్పేటప్పుడు ముందు భాగం గాల్లోకి ఎత్తి, రెండు వైపులా సమంగా తిప్పి, ముందు బంపర్‌కూ నేలకూ మధ్య ఎత్తు రాసుకోవాలి. స్కీ పూర్తిగా వేలాడుతున్నప్పుడు స్ప్రింగు తన గూట్లో లొడలొడలాడేంత వదులు ఎన్నడూ చేయకూడదు. ఒకసారికి ఒకే మార్పు చేయాలి. రెండు మరలు ఒకేసారి తిప్పినవాడికి ఏది పనిచేసిందో తెలిసే దారి ఉండదు.

ఫ్యాక్టరీలో ఇంజనీర్లు సరిచేసి పంపినదాన్ని కదిలించడం ఎందుకని కొందరంటారు. గౌరవించాల్సిన మాటే, ఏ సర్దుబాటైనా అక్కడి నుంచే మొదలుకావాలి. కానీ ఫ్యాక్టరీ ఒక సగటు మనిషిని ఊహించుకుంటుంది. బండి ఎక్కేది అరవై కిలోల మనిషి కావచ్చు, నూటపది కిలోల మనిషి కావచ్చు. ఆ యాభై కిలోల తేడా ఎక్కువగా వెనక ఆధారం మీద పడి, బండి ముక్కు ఎత్తుకుంటుందో దించుకుంటుందో తేలుస్తుంది. వేగం తగ్గిస్తే సరిపోతుందని మరికొందరంటారు. ప్రాణరక్షణకు అంతకన్నా మంచి సలహా లేదు, కానీ సుఖానికి అది ఎల్లప్పుడూ సమాధానం కాదు. నాలుగు మీటర్ల మిట్టల మీద గంటకు 50 నుంచి 35కు తగ్గిన బండికి కుదుపులు సెకనుకు 2.4 సార్లు తగులుతాయి. మనం లెక్కించిన సహజ లయ సరిగ్గా అదే. అక్కడ ఊపు తగ్గదు, పెరుగుతుంది. ఇరవైకి దిగితే గాని ఊరట లేదు. ఇప్పుడు కొన్ని బళ్ళలో కంప్యూటరే షాకుల బిగుతును క్షణక్షణం మారుస్తోంది కదా అన్నది మూడో అభ్యంతరం. అది చేసే మేలు నిజమైనదే, సాగుడు బాకీల వంటి చిక్కులను బాగా తగ్గిస్తుంది. అది మార్చేది నూనె అడ్డును మాత్రమే. స్ప్రింగు ప్రీలోడ్, మధ్య షాక్ ఎత్తు, పట్టీ పొడవు తప్పుగా ఉన్న బండిలో జానెడుకు బదులు బెత్తెడే మిగిలితే, ఆ బెత్తెడును ఎంత తెలివిగా వాడినా అది బెత్తెడే.

ఇదంతా సరదాగా తిరిగేవారి సౌఖ్యం కోసమే అయితే ఇంత విస్తరించి రాయనవసరం లేదు. ఉత్తర ఫిన్లాండ్‌లో రెయిన్‌డీర్ మందలు కాచుకునే స్కోల్ట్ సామీ జనం మధ్యకు 1960లలో ఈ బండి వచ్చినప్పుడు అది వాళ్ళ బతుకునే మార్చిన తీరును మానవశాస్త్రజ్ఞుడు పెర్టి పెల్టో 1973లో ఒక పుస్తకంగా రాశాడు. నేటికీ ఆ ఉత్తరపు కాపరులకు ఇది రోజంతా కూర్చునే పనిముట్టు. యంత్రాల మీద పనిచేసేవారి శరీరానికి తగిలే కంపనం ఎనిమిది గంటల పనిదినానికి సగటున సెకను వర్గానికి 0.5 మీటర్లు దాటితే దాన్ని తగ్గించే చర్యలు మొదలుకావాలనీ, 1.15 మీటర్లను ఎన్నడూ దాటకూడదనీ ఐరోపా సమాఖ్య 2002లో నిర్దేశించింది. కాపరి బండికి కావలసిన సర్దుబాటు మిన్నెసోటా బాట మీది బండిది కాదు. అతను వెనక బరువు బండి లాగుతూ, బాట లేనిచోట, తక్కువ వేగంతో పోతాడు. పెద్ద మిట్ట మీద అడుగంటుతుందన్న భయం అతనికి తక్కువ. గడ్డకట్టిన చిన్న చిన్న గుంటలను స్కీ సాగి అందుకోవడమే అతని వెన్నుకు కావాలి. కాబట్టి కుంగుకు నాలుగో వంతు కాదు, మూడో వంతుకు దగ్గరగా ఇవ్వడం సబబు. మధ్య షాక్‌ను కాస్త లేపి స్కీలను తేలిక చేస్తే అవి మెత్తని మంచు మీద తేలుతూ పోతాయి. సాగుడు వైపు నూనె దారిని చలికి తగ్గట్టు ఇంకొంచెం తెరిచి ఉంచాలి.